తువ్వాల కింద కోడ్

వికారాబాద్ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఏజెంట్ యాదగిరి పళ్లు నూరుతున్నాడు. చీఫ్ నుంచి టాప్ సీక్రెట్ మెసేజ్ వచ్చింది. తెరవాలంటే ముందు తలనూనె ప్రకటన చూడాలి. ఆ తర్వాత సిమెంటు ప్రకటన. పొదుపు పేరుతో డిపార్ట్‌మెంట్ సొంత లైన్లు పీకేసి, ఉచితంగా దొరికిన 'ముచ్చట' యాప్‌కు మారినప్పటినుంచీ గూఢచారి బతుకు కుక్కలు చింపిన విస్తరైంది.

ఎట్టకేలకు చీఫ్ ఇందిరమ్మ గొంతు వినిపించింది.

"యాదగిరీ, ముచ్చట కంపెనీ నష్టాల్ల మునిగింది. ప్రకటనలు పెట్టిన్రు, చందా పెట్టిన్రు, ఏం గిట్టలే. ఇప్పుడు జనం పంపుకున్న వాయిస్ మెసేజ్‌లన్నీ విదేశీ ముఠాకు అమ్ముతున్నరు. ఇయ్యాల నాలుగింటికి ట్రాన్స్‌ఫర్. గా గొంతులు దొరికితే, మనోళ్ల గొంతుతోనే మనకు ఫోన్ చేసి దోచుకుంటరు."

యాదగిరి టీ గ్లాసు కింద పెట్టేశాడు. ధారూర్‌లో ఉన్న తల్లి జంగమ్మకు చదువు రాదు. ఏళ్లుగా తల్లీకొడుకుల కష్టసుఖాలన్నీ ఆ యాప్‌లోనే. రేపు ఎవడో అతని గొంతుతో "అమ్మా, ఆపదల ఉన్న" అంటే, ఆమె గొర్రెల మందంతా అమ్మి పంపేస్తుంది.

చీఫ్ మెసేజ్ ఇంకా సాగుతోంది. "మన నిఖిల కంపెనీ లోపలనే ఉన్నది. కంపెనీ జీతం తీస్కుంటది, పని మనకు చేస్తది. గొంతులన్నీ తుడిచేసే మూడంకెల కోడ్ ఆమెకెరుక. కానీ ఫోన్ గుంజుకున్నరు, పక్కన బాడీగార్డ్‌ను పెట్టిన్రు. దావత్‌కు పొట్టేలు కొనాలని తాండూరు సంతకొస్తది. కోడ్ వర్డ్, నల్ల పొట్టేలు."

రైలు తాండూరు చేరేలోపు యాదగిరి వేషం మార్చాడు. ధోతి, గొంగడి, భుజాన తువ్వాల. నిజానికి అది అతని తాతల వేషమే. అసలు మారువేషమంటే మిగతా రోజుల్లో వేసే ప్యాంటూ షర్టే. బొత్తాం కెమెరాకు మాత్రం చార్జింగ్ అయిపోయింది. డిపార్ట్‌మెంట్ వస్తువులన్నీ అంతే.

సంతలో పట్టుచీర, నల్లకళ్లద్దాలతో నిఖిల నేరుగా అతని దగ్గరికే వచ్చింది. వెనకే బాడీగార్డ్, చెవిలో యంత్రం.

"నల్ల పొట్టేలున్నదా అన్నా?"

"ఉన్నది చెల్లె. చెయ్యియ్యి, బేరం చేస్కుందాం."

సంతలో ధర పక్కవాడికి తెలియకూడదు. అందుకే చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు నొక్కి బేరమాడతారు. నిఖిల తాండూరు వ్యాపారుల ఇంటి పిల్ల, ఈ విద్య ఉగ్గుపాలతో వచ్చింది. నాలుగు వేళ్లు నొక్కింది. ఆగి రెండు. ఆగి అయిదు. బాడీగార్డ్ ఆవులించాడు.

"గంత పిరమా? నాకొద్దు!" అని చెయ్యి లాక్కుని వెళ్లిపోయింది.

యాదగిరి కందుల లారీ చాటుకు పరుగెత్తి, ముచ్చట తెరిచి కోడ్ కొట్టాడు. నాలుగు కావస్తోంది. స్క్రీన్ మీద తలనూనె అమ్మాయి నవ్వింది. దాటేసే బటనే లేదు.

"నీ యవ్వ! ఊరంతా దోపిడైతుంటే నీ నూనె గోలేంది!"

కింద చిన్న అక్షరాలు: 'ప్రకటనలు వద్దా? చందా కట్టండి.' చచ్చినా ఈ దొంగలకు పైసా ఇవ్వనని ఒట్టు పెట్టుకున్న మనిషి. తల్లి మొహం మెదిలింది. కళ్లు మూసుకుని కట్టేశాడు. ప్రకటన మాయమైంది, కోడ్ వెళ్లింది. ఆఖరి క్షణంలో ముఠాకు చేరింది ఖాళీ సంచి.

తల్లి చెప్పుకున్న మాటలు కూడా జనం గొంతులతోపాటే పోయాయి. లారీకి ఆనుకుని కాసేపు ఏడ్చాడు.

మర్నాడు ముచ్చట కంపెనీ తమ భవిష్యత్తుకు ఢోకా లేదని ప్రకటించింది. ఒక్కరోజులోనే చందాదారులు రెట్టింపయ్యారట. అంతకు ముందున్న ఆ ఒక్కడూ కంపెనీ యజమానే.