రెండో జత కళ్ళు

"ఆపండి! ఆ వెదురు ఇంకొక్క మూర ముందుకొచ్చిందంటే దుర్గమ్మ కంటే ముందు మిమ్మల్ని నిమజ్జనం చేస్తా!"

ఉజాన్ హాజ్రా చేతిలోని వెదురుగడ గాల్లోనే ఆగిపోయింది. అతని వెనక మోకాటిలోతు నీళ్ళలో నిలబడ్డ పూజా కమిటీ కుర్రాళ్ళు ఒక్కసారిగా తలలు తిప్పారు. శాలుక్ ఝీల్ అనే ఆ చెరువు మధ్యలోంచి ఒక చిన్న పడవ దూసుకొస్తోంది. అందులో మెడకి దుర్భిణీ, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది. కళ్ళలో మాత్రం నిప్పులే.

"ఎవర్రా ఈవిడ?" అన్నాడు ఉజాన్ గొంతు తగ్గించి.

"కళ్ళజోళ్ళ కుండూ గారమ్మాయి, దాదా. దోయెల్. ఆ పక్షుల క్లబ్బు వాళ్ళు," అన్నాడు పక్కనున్న బాప్పా. "ఆయన కూతురికి కూడా పిట్ట పేరే పెట్టుకున్నాడు. కాస్త దూరంగా ఉండు, పొడుస్తుంది."

నిరుడు పశ్చిమ రేవులో అమ్మవారి విగ్రహం గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయి సగమే మునిగింది. ఊరంతా నవ్వింది. ఈసారి కమిటీ సెక్రటరీ ఉజాన్. అమ్మవారు నిండుగా మునగకపోతే మునిగేది తన పరువే.

"ఏమండీ, ఝీల్ శుభ్రం చేస్తుంటే మెచ్చుకోవాలి గానీ కేకలేస్తారేంటి?"

"చెయ్యండి, ఎవరొద్దన్నారు? తూర్పు వైపు చెయ్యండి. ఈ మూల నీటినెమలి అనే పిట్ట గుడ్లు పెట్టింది. మీరు లాగే ఆకుల మీదే దాని గూడు."

"ఏదీ? నాకు ఆకులు తప్ప ఏం కనబడట్లేదే!"

"కనబడాలంటే చూడాలి."

"సరే, మీ నాన్నగారిని ఒక్క మాట చెప్పమనండి, ఆపేస్తాను. కుండూ కాకు మా అందరికీ బాబాయి లెక్క, ఆయన మాటంటే మా కమిటీకి గౌరవమే."

ఆ మాటకి దోయెల్ కళ్ళలో నిప్పు చప్పున చల్లారింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది మరి.

కుండూ గారి కళ్ళజోళ్ళ షాపు వెనక గదే క్లబ్బుకి ఆఫీసు. ఆ క్లబ్బుకి ఒకటే నియమం. ఏ పక్షినైనా, ఏ గూడునైనా ఇద్దరు చూస్తేనే లెక్క. రెండో మనిషి కూడా చూశానన్నాక కుండూ గారు ఆ గది గుమ్మం దగ్గరున్న ఇత్తడి గంట కొడతారు. గంట మోగనిది ఏదీ ఆ ఊళ్ళో ఉన్నట్టు కాదు. ఆ పట్టుదల వల్లే, క్లబ్బు చెప్పిందంటే మునిసిపాలిటీ కూడా మారు మాట్లాడదు.

"రెండో జత కళ్ళేవమ్మా?" అన్నారు కుండూ గారు. శుక్లాల ఆపరేషనయి ఆయనకి ఒక కంటికి కట్టు ఉంది.

"బాబా, నేను మీ కూతుర్ని!"

"అందుకే మరీ అడగాలి."

"మిగతా వాళ్ళంతా జ్వరాలతో మంచాలెక్కారు. మీరేమో నీళ్ళ దగ్గరికి రాకూడదు. నేనెక్కడ తెచ్చేది?"

ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఉజాన్ గొంతు సవరించుకున్నాడు. "నావి పనికొస్తాయా, కాకు?"

కుండూ గారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించారు. ఉజాన్ అట్టడుగు వరస దాకా గడగడా చదివేశాడు.

"చూపుకేం ఢోకా లేదు. చూడ్డమే నేర్పాలి," అన్నారాయన కూతురితో. "దసరాకి ముందొచ్చే విశ్వకర్మ పూజ మర్నాటి దాకా కమిటీ ఆగుతుంది. ఈలోగా చూపించు."

అలా మొదలయ్యాయి తెల్లవారుజాము పడవ షికార్లు. ఉజాన్ ఫ్లాస్కుతో టీ తెచ్చేవాడు, దోయెల్ మరమరాలు తెచ్చేది. గట్టు పొడవునా రెల్లు పూసింది. వానకి మాత్రం వేళాపాళా లేదు.

"అదుగో, తల్లిపక్షి అటే వెళ్ళింది," అంది దోయెల్ ఒకరోజు. "గుడ్లు పెట్టేసి ఇంకో మొగుణ్ణి వెతుక్కుంటూ పోతుంది. పొదిగేదీ, పిల్లల్ని పెంచేదీ తండ్రే."

"అయ్యో పాపం!"

"పాపమెందుకు? మీ ఇంట్లో అమ్మ చేస్తే ఏనాడైనా పాపం అన్నారా?"

ఆ సాయంత్రం ఉజాన్ ఇంట్లో గిన్నెలు తోమబోతే వాళ్ళమ్మ వీడికి ఒంట్లో బాగుందా అని నుదురు పట్టుకు చూసింది.

గూడు మాత్రం అతనికి కనబడలేదు. కనబడుతుందా మరి! దోయెల్ వేలు చూపించిన వైపు అతను చూస్తే కదా. అతని చూపు ఆ వేలు దగ్గరే ఆగిపోయేది. వానచినుకు దాని మీంచి జారి, గాజు దగ్గర కాసేపు ఆగి, మోచేతి దాకా వెళ్ళేది. పక్షులు చూడ్డంలో ఇంత హాయి ఉందని అతనికి ఇన్నాళ్ళూ తెలీదు.

గడువు చివరి రోజు తెల్లవారుజామున వాన దంచి కొట్టింది. ఎగువ నీళ్ళు చేరి ఝీల్ పొంగుతోంది. దోయెల్ పెదవి కొరుక్కుంటూ అడిగింది. "ఇప్పుడైనా కనబడిందా?"

ఆ ముఖం చూసి ఉజాన్ "లేదు" అనలేకపోయాడు. "ఆఁ... కనబడింది!"

దోయెల్ ముఖం విచ్చుకుంది. "నిజంగా? గుడ్లు కూడానా? ఏ రంగు?"

"తెల్లగా... ముత్యాల్లా!"

పప్పులో కాలేశాడు. దోయెల్ తెడ్డు పడవలో పడేసింది.

"మిమ్మల్ని సంతోషపెడదామని..." అన్నాడతను.

"సంతోషపెట్టమని నేనడిగానా? చూడమన్నాను." ఆమె తెడ్డు మళ్ళీ అందుకుంది. "ఒక్క దొంగ చూపు చాలు ఉజాన్ బాబూ. రేపు నిజంగా చూసింది చెప్పినా ఎవరూ నమ్మరు. మా బాబా మాటకి ఈ ఊళ్ళో ఉన్న విలువంతా ఆ గంటే. ఇక మీరు రావద్దు."

ఆమె అతన్ని రేవులో దింపేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఉజాన్ కాలుగాలిన పిల్లిలా రేవు మీద అటూ ఇటూ తిరిగాడు. తెల్లారితే వెదురుగడలు దిగుతాయి. ఆపాలంటే సెక్రటరీగా తను ఒక్క మాట అంటే చాలు. కానీ కుర్రాళ్ళు ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఒక అమ్మాయి కోసం అనా? అది ఆమెకే అవమానం. చూడాలి. ఈసారి నిజంగా చూడాలి.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక అతను ఒక్కడే నీళ్ళలోకి దిగాడు. ఛాతీలోతులో, కలువాకుల మధ్య, కదలకుండా నిలబడ్డాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఏదో పాకినట్టుంది, అయినా కదల్లేదు. మొదటిసారిగా అతను దేని కోసమూ కాక ఊరికే చూశాడు.

అప్పుడు కనబడింది, పొడవాటి నల్లతోక. పొంగిన నీళ్ళకి గూడు మునిగిపోతోంది. తండ్రిపక్షి ఒక గుడ్డుని గడ్డం కింద ఇరికించుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, పక్కనున్న ఎత్తైన ఆకుల తెప్ప మీదికి లాక్కుపోతోంది. దాన్ని అక్కడ పెట్టి, మళ్ళీ ఇంకోదాని కోసం వచ్చింది.

అతను ఒళ్ళంతా బురదతో షాపులోకి వచ్చేసరికి కుండూ గారు టీ తాగుతున్నారు. దోయెల్ అతన్ని చూసి ముఖం తిప్పుకుంది.

"కాకు, పొద్దున నేను చెప్పింది అబద్ధం. మీ అమ్మాయి నా చెవి మెలేసినట్టు బుద్ధి చెప్పింది. ఇప్పుడు చూసొచ్చాను. గుడ్లు తెల్లగా లేవు, నూనె రాసిన చింతగింజల్లా ఉన్నాయి. గూడు మునిగిపోతోంది. తండ్రిపక్షి వాటిని గడ్డం కింద పెట్టుకుని ఒక్కొక్కటే పక్కకి మోసుకుపోతోంది."

దోయెల్ గిరుక్కున తిరిగింది. కుండూ గారు కప్పు కింద పెట్టారు. "ఈ మోసుకుపోవడం సంగతి నువ్వు చెప్పావా అమ్మా?"

"లేదు బాబా. నేను కూడా ఎప్పుడూ చూళ్ళేదు."

ఆయన లేచి గంట కొట్టారు. "గూటికి రెండు జతల కళ్ళయ్యాయి. మోసుకుపోవడం మాత్రం ఒక్కడే చూశాడు, దానికి గంట లేదు."

"బాబా!"

"నియమం నియమమే. ముందు అతని కాలు చూడు."

ఉజాన్ పిక్కని ఒక జలగ పట్టుకుని ఉంది. దోయెల్ గబగబా ఉప్పు తెచ్చి, నేల మీద కూర్చుని, చిటికెడు చల్లింది. "కదలకండి," అంది.

కమిటీ మీటింగులో పెద్ద రభసే అయింది. "తూర్పు రేవా? ఊరంతా చుట్టి వెళ్ళాలి దాదా!" అన్నాడు బాప్పా.

"దూరం పెరిగితే ఊరేగింపు పెరుగుతుంది. ఊరేగింపు పెరిగితే డాన్సు పెరగదట్రా?"

కుర్రాళ్ళు ముఖాలు చూసుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం.

మర్నాటి నుంచి వెదురుగడలన్నీ తూర్పు వైపే దిగాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న గుర్రపుడెక్క గట్టెక్కింది. పడమటి మూలని ఎవరూ తాకలేదు. పిల్లలు బయటికొచ్చిన రోజున దోయెల్ తనే కబురు పెట్టింది. ఆకుల మీద పెద్ద పెద్ద కాళ్ళతో తడబడుతూ నడుస్తున్న ఆ పిల్లల్ని ఇద్దరూ ఒకే దుర్భిణీలోంచి వంతులేసుకుని చూశారు. దశమినాడు అమ్మవారు తూర్పు రేవులో నిండుగా మునిగింది. ఊరు ఈసారి నవ్వలేదు, దండం పెట్టింది.

విజయ దశమి దాటాక పెద్దల కాళ్ళకి మొక్కే రోజుల్లో ఉజాన్ కళ్ళజోళ్ళ షాపుకి వచ్చాడు. కుండూ గారు దీవించి, కొబ్బరి ఉండల గిన్నె కూతురి చేతికిచ్చి, ఎవరివో అద్దాలు అరగదీయాలంటూ వెనక గది తెర చాటుకి వెళ్ళారు.

ఉజాన్ ఉండని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "నాకింకొకటి కనబడిందండీ. ఒక్కడినే చూశాను. లెక్కలోకి రాదేమో."

"ఏంటది?"

"ఆ రోజు జలగకి ఉప్పు వేస్తుంటే మీ చెయ్యి వణికింది. మీకు జలగలంటే భయం లేదు."

దోయెల్ గిన్నె సర్దింది.

"పిల్లల్ని చూసిన రోజు దుర్భిణీ నాకిచ్చి, మీరు చూసింది పిల్లల్ని కాదు."

"దుర్భిణీ పెట్టుకున్న మనిషికి పక్కవాళ్ళు ఎటు చూశారో ఎలా తెలిసిందట?"

"పెట్టుకున్నట్టు... నటించాను."

"మళ్ళీ దొంగ చూపు!" ఆమెకి నవ్వొచ్చేసింది.

"ఇది మాత్రం దొంగది కాదు దోయెల్. నువ్వంటే నాకు ప్రాణం. నాకు నిజమే అనిపిస్తోంది. కానీ మీ క్లబ్బులో రెండో జత కళ్ళు కూడా చూడాలిగా. నీకు కనబడకపోతే చెప్పు, వెళ్ళిపోతాను. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం చెప్పొద్దు."

దోయెల్ చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి అతని కళ్ళలోకి నేరుగా చూసింది.

"కనబడింది," అంది మెల్లగా. "నీకంటే ముందే."

తెర పక్కనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, గుమ్మం దగ్గరున్న ఇత్తడి గంటని ఖణేల్మని కొట్టింది.