ఎదురెవరూ రాని దారి

ఆ కాలంలో గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లాలంటే ఎవరూ ఊరికే కారెక్కి బయల్దేరేవాళ్లు కాదు. ముందు బాటమ్మని అడిగేవాళ్లు. బాటమ్మ బయల్దేరాల్సిన వేళ చెబుతుంది. ఆ వేళకి బండి తనంతట తానే ఇంటిముందుకొచ్చి నిలబడుతుంది. ఎక్కి కూర్చుంటే ముప్పావుగంటలో ఒంగోలు. మధ్యలో హారను మోత లేదు, సడన్ బ్రేకులు లేవు, సిగ్నలు దగ్గర పక్కబండివాణ్ణి తిట్టుకోవడం లేదు. చిలకలూరిపేట దాటాక మనకి టీ తాగాలనిపిస్తుందని మనకంటే ముందే దానికి తెలుసు. ఆ కొట్టు ముందు మన బండికి చోటు కూడా అట్టేపెట్టి ఉంచేది. ముసలివాళ్లు మాత్రం ఇదేం ప్రయాణమని పెదవి విరిచేవాళ్లు. ఎవర్నీ తిట్టకుండా హైవే దాటితే ఊరెళ్లినట్టే ఉండదని వాళ్ల బాధ.

బాటమ్మ అన్నది జనం పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు ప్రస్థాన గణకం, ఇంజనీర్ల భాషలో డిపార్చర్ కంప్యూటర్. దాని గుండెకాయని తయారుచేసిన మనిషి డాక్టర్ మోక్షిత. అరవై దాటిన ఆ శాస్త్రవేత్త గుంటూరు శివార్లలో, సౌరనగర్ కాలనీలో ఒక్కతే ఉంటుంది. ఆమెకి ముందు ఇలాంటి యంత్రాలు నిమిషాలు మాత్రమే లెక్కపెట్టేవి. నిమిషాలు కాదు, మనిషి పడే చికాకుని కొలవాలని మోక్షిత వాదించింది. ప్రతి ప్రయాణికుడి ముంజేతికీ ఉండే పట్టీ నాడినీ, చెమటనీ, ఊపిరినీ చదువుతుంది. బండి ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి తిరిగింది అన్నది రోడ్డు చెబుతుంది. ఈ రెండూ కలిపి ఆమె కట్టిన కొలత పేరు చికాకు సూచిక. దారిలో ఉన్న జనం మొత్తం చికాకు ఎంత తగ్గితే బాటమ్మ తన పని అంత బాగా చేసినట్టు. ఎందుకు చికాకు పడ్డావని అది ఎవర్నీ అడగదు. ఏం చేస్తే తగ్గుతుందో తనే చూసి నేర్చుకుంటుంది. ఈ ఒక్క ఆలోచనకే మోక్షితకి దేశమంతా శాలువాలు కప్పింది. అవన్నీ ఇప్పుడు బీరువాలో మడతపెట్టి ఉన్నాయి.

ఆరేళ్ల కిందట భర్త నిహాంత్ పోయాక ఆమె పెద్దగా బయటికి వెళ్లింది లేదు. నెలకోసారి ఒంగోలు, అక్క దగ్గరికి. అంతే. బయల్దేరినప్పుడల్లా వీధి ఖాళీగా ఉండేది, కాలనీ గేటు ఖాళీగా ఉండేది. హైవే ఎక్కితే అంత వెడల్పాటి రోడ్డు మీద తన బండి ఒకటి, దూరంగా ఒకటీ అరా సరుకు లారీలు. కనిపెట్టినదాన్ని కదా, యంత్రం నాకు మర్యాద చేస్తోందని మొదట్లో మురిసిపోయింది. రోడ్డంతా నాదేనని అక్క దగ్గర గొప్పలు కూడా పోయింది. పోనుపోను ఆ ఖాళీని చూస్తే దిగులేసేది. ఇంట్లో ఎలాగూ పలకరించే దిక్కు లేదు, కనీసం గేటు దగ్గరైనా ఎవరో ఒకరు కనిపిస్తే బాగుండుననిపించేది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదంటారు గానీ, ఎవరైనా అలా అడిగినా ఆమె సంతోషించేదే.

ఒక గురువారం పొద్దున, ఇంకా పొయ్యి మీద పాలు పొంగకముందే, ఒంగోలు నుంచి అక్క వేదశ్రీ ఫోను చేసింది. వేదశ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. అక్కకి చెల్లెలు, చెల్లెలికి అక్క. అంతకుమించి ఇద్దరికీ ఎవరూ లేరు. వేదశ్రీకి గుండె ఆపరేషను సోమవారం చేస్తామన్నారు. ఇప్పుడు పెద్ద డాక్టరు ఊరెళుతున్నాడట, ఇవాళే పదింటికి చేసేస్తామంటున్నారట.

మోక్షిత పొయ్యి ఆపేసింది. భయంగా ఉందా అక్కా అని అడిగింది.

"భయమెందుకే, మత్తిచ్చి పడుకోబెడతారుగా. కాకపోతే లోపలికెళ్లేముందు నీ మొహం ఒకసారి చూసెళ్తా. పది లోపు వచ్చెయ్."

ఫోను పెట్టేసి మోక్షిత కళ్లు తుడుచుకుంది. తన మొహం చూడాలనుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కతినీ ఈ పూట ఆపరేషను బల్ల మీద పడుకోబెడుతున్నారు.

వెంటనే బాటమ్మని అడిగింది. పదకొండున్నరకి బయల్దేరమంది. కుదరదు, ఇంకా ముందు కావాలంది. అంతకుముందు మీకు వేళ లేదంది బాటమ్మ. పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా వెళతానంది. అటైనా పదకొండున్నరే. నరసరావుపేట వైపు చుట్టు తిరిగి వెళ్లినా పదకొండున్నరే. ఆసుపత్రి పనికి తొందర వేళ ఇవ్వవా అంటే, అది రోగులకే గానీ చూడబోయేవాళ్లకి కాదంది. వేళ లేని మనిషికి ఆ కాలంలో ఏ బండీ తలుపు తియ్యదు. మోక్షితకి ఒళ్లు మండింది, ఆ మంటలోనే ఆమెలోని ఇంజనీరు మేలుకుంది. ఏ దారిన వెళ్లినా వేళ మారడం లేదంటే అడ్డం దారిలో లేదు. బయల్దేరే చోటే ఉంది.

ఉద్యోగం మానినా మూలతాళం, అదే రూట్ కీ, ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఆ తాళంతో అడిగితే బాటమ్మ ఏదీ దాచకుండా చెప్పి తీరాలి. అడ్డం ఎక్కడని మోక్షిత అడిగింది. మీ కాలనీ గేటు దగ్గరంది బాటమ్మ. గేటు పాడైందా అంది మోక్షిత.

"గేటు బాగానే ఉంది. పొద్దున బయల్దేరేవాళ్లకి మీరు ఎదురైతే అక్కడ చికాకు సూచిక పెరుగుతుంది. అందుకని వాళ్లు బయల్దేరని వేళలే మీకు ఇస్తున్నాను."

మోక్షితకి ముందు అర్థం కాలేదు. తన బండి వల్ల ఏమైనా ఇబ్బందా, ఎక్కడమూ దిగడమూ ఆలస్యం చేస్తున్నానా అని అడిగింది. అదేం కాదంది బాటమ్మ. ఆమె ఎదురైన బళ్లు వెనక్కి తిరిగి ఇళ్లకి వెళ్లిపోయేవట. అందులోని వాళ్లు లోపల కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరేవాళ్లట. దానివల్ల గేటు దగ్గర వరసంతా చెడిపోయేదట.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఆరేళ్లనుంచి. అంతకుముందు మీరు ఎదురైతే ఎవరూ ఆగలేదు. ఆ ఏడు శ్రావణమాసంలో ఏదో మారింది. ఏం మారిందో నాకు తెలియదు."

మోక్షితకి తెలుసు. నిహాంత్ పోయింది ఆ శ్రావణంలోనే.

ఇలా చెయ్యమని ఎవరైనా నిన్ను అడిగారా అంది.

"ఎవరూ అడగలేదు. అడిగే అవసరం రానివ్వకపోవడమే నా పని."

ఆ వాక్యం మోక్షితదే. ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఇప్పుడది తన వంటింట్లో, తన ముంజేతి మీద నుంచి వినబడేసరికి కుర్చీలో కూలబడింది. కాలనీలో అందరూ చదువుకున్నవాళ్లే. డాక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు, చంద్రుడి మీద పనిచేసి వచ్చినవాళ్లున్నారు. నిహాంత్ పోయినప్పుడు వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చినవాళ్లే అందరూ. ఒక్కరు కూడా ఆమెని ఒక్క మాట అనలేదు. అనకుండానే వెలివేశారు. వెలివేసిన సంగతి వాళ్లకీ తెలియదు. వాళ్లు గుట్టుగా వెనక్కి తిరిగి మంచినీళ్లు తాగారు, మిగతాది ఆమె కన్నబిడ్డలాంటి యంత్రం చూసుకుంది.

"ఆ నియమం తీసెయ్," అంది మోక్షిత.

అది గేటుకి ఉన్న నియమం గనక ఆమె ఒక్కదానికే తియ్యడం కుదరదనీ, తీస్తే గేటు మొత్తానికీ తియ్యాలనీ బాటమ్మ చెప్పింది. మొత్తం తీసి పారెయ్యమంది మోక్షిత. ఇవాళ్టికి తీసి చూస్తానని, ఎనిమిదిన్నరకి బయల్దేరమంది బాటమ్మ.

అక్కకి ఇష్టమైన లేత నీలం నేతచీర కట్టుకుంది. బండెక్కి కూర్చుంది. ఆరేళ్ల తర్వాత తన వీధిని ఆ వేళప్పుడు చూస్తోంది. బడికెళ్లే పిల్లలు, ఆఫీసు బళ్లు, వాకిట్లో నిలబడి చెయ్యూపే మనుషులు. ఇంత సందడి తన ఇంటి పక్కనే ఉందా అనుకుంది. పక్కవీధిలోంచి ఒక బండి ఎదురొచ్చింది, ఆ వెనక ఇంకోటి. ఎవరు ఆగుతున్నారో, ఎవరు వెనక్కి తిరుగుతున్నారో చూసే ధైర్యం లేక తల వంచుకు కూర్చుంది. గేటు దగ్గరికొచ్చాకే తలెత్తింది.

ఎదురుగా హారిక.

నాలుగిళ్లవతల ఉండే అమ్మాయి, నలభై కూడా ఉండవు. నిరుడు భర్త గుండెపోటుతో పోయాడు. అప్పుడు వెళ్లి పలకరించి వచ్చాక మోక్షితకి ఆమె మళ్లీ కనబడలేదు. పుట్టింటికి వెళ్లిపోయిందేమో అనుకుంది. ఇప్పుడు కూరగాయల సంచీతో, నవ్వుమొహంతో, నేరుగా బండికెదురుగా నడిచొస్తోంది.

అయ్యో, ఇవాళేనా, అనుకుంది మోక్షిత. అక్క ఆపరేషను కళ్ల ముందు మెదిలింది.

"ఆగు," అంది బండితో.

బండి ఆగింది. ముంజేతి పట్టీ ఎర్రగా వెలిగింది. ఆగిన బండినీ, అందులో ఉన్న మొహాన్నీ హారిక చూసింది. ఆమె నవ్వు ఆరిపోయింది. మరో మాట లేకుండా, అలవాటైన పనిలా, గేటు స్తంభం వెనక్కి తప్పుకుంది. చీర కొంగు మాత్రం కొంచెం బయటికి కనబడుతోంది.

"చికాకు సూచిక పెరిగింది," అంది బాటమ్మ మెత్తగా. "ఇంటికెళ్లి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరతారా? ఆ వెసులుబాటు ఉంది."

మోక్షితకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఛీ, నా బతుకు, అనుకుంది. తలుపు తీసుకుని దిగి స్తంభం దగ్గరికి వెళ్లింది. హారిక తలెత్తలేదు. చూసుకోలేదాంటీ, మీరు వెళ్లండి, అని గొణిగింది. ఏడాదిగా మిట్టమధ్యాహ్నమే వేళ ఇస్తున్న బాటమ్మ ఇవాళ ఎందుకో పొద్దున్నే ఇచ్చిందట. రైతుబజారులో తాజా కూరలు దొరుకుతాయని పరుగెత్తిందట. ఆమె సంచీలోంచి ఆనపకాయ తొంగిచూస్తోంది.

మోక్షిత ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒంగోల్లో మా అక్కకి ఆపరేషనమ్మా. నువ్వు నాకు ఎదురు రావాలి. నాలుగడుగులు వెనక్కెళ్లి నడిచి రా."

పెద్ద పని మీద బయల్దేరేటప్పుడు ముత్తయిదువల్ని అడిగే మాట అది. హారిక నమ్మలేనట్టు చూసింది. నన్నా ఆంటీ, అంది. నిన్నే, అంది మోక్షిత. హారిక కళ్లనిండా నీళ్లతో గేటు అవతలికి వెళ్లి, సంచీ భుజాన సర్దుకుని, పెళ్లినడకలా మెల్లగా ఎదురొచ్చింది. మోక్షిత బండెక్కి పోనిమ్మంది. పట్టీ ఇంకా ఎర్రగానే ఉంది.

హైవే నిండా బళ్లు. పక్కబండిలోంచి ఒక పాప నాలుక బయటపెట్టి వెక్కిరించింది. ఆరేళ్లుగా కోరుకున్న సందడి ఇదే, కానీ మోక్షిత దాన్ని చూడలేదు. దారంతా ముంజేతి వంకే చూస్తూ కూర్చుంది. చిలకలూరిపేట టీ కొట్టు దగ్గర బండి నెమ్మదిస్తే వద్దు పొమ్మంది. మార్టూరు దాటాక గానీ పట్టీ రంగు మారలేదు.

ఆసుపత్రికి చేరేసరికి వేదశ్రీని అప్పటికే స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. చెల్లెల్ని చూడగానే మొహం విప్పారింది.

"వచ్చావా. ఇవాళ కూడా రోడ్డంతా నీదేనా?"

"కాదక్కా. ఇవాళ అందరూ ఉన్నారు."

వేదశ్రీ ఆమె మొహాన్ని తనివితీరా చూసుకుంది. ఇక చాలు, తీసుకెళ్లండి, అంది నర్సుతో. తలుపులు మూసుకున్నాయి, పైన ఎర్ర దీపం వెలిగింది. వరండాలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. మోక్షిత ఒక చివర కూర్చుంది.

కాసేపటికి పట్టీ కదిలింది. గేటు నియమం సంగతి తేలాలంది బాటమ్మ.

"పొద్దున మీకు ఎదురైన బళ్లలో ఒక్కటీ వెనక్కి తిరగలేదు. ఆరేళ్ల కిందట తిరిగినవాళ్లలో చాలామంది కాలనీ వదిలి వెళ్లిపోయారు. మిగతావాళ్లు మారారో లేదో కొలిచే వీలు నాకు లేకపోయింది, మిమ్మల్ని ఎవరికీ ఎదురుకానివ్వలేదు కనుక. హారికగారికి నిరుడు పెట్టిన నియమం కూడా, ఆవిడకీ మీలాంటి మార్పే కనబడిందని, మీరు ఎదురైనప్పటి కొలతలు చూసి పెట్టిందే. ఇవాళ ఆగింది మీ బండి ఒక్కటే. నియమం పూర్తిగా తీసెయ్యనా, మళ్లీ పెట్టనా?"

మోక్షిత ఆ మాటలు మళ్లీ చెప్పించుకుని వింది. ఎవరూ ఆగలేదట. వాళ్లు మంచినీళ్లు తాగడం ఎప్పుడో మానేశారేమో. తనే తెలుసుకోకుండా ఆరేళ్లు ఖాళీ రోడ్డు మీద తిరిగింది.

తీసెయ్ అనడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ తలుపు వెనక అక్క గుండె కోసి ఉంటారు ఈపాటికి. కళ్లు మూసుకుంటే కూరగాయల సంచీతో ఎదురొస్తున్న హారిక మొహమే కనబడింది.

"డాక్టరు బయటికి రానీ," అంది మోక్షిత. "అప్పుడు చెబుతాను."

ఎందుకని బాటమ్మ అడగలేదు. అడగడం ఆమె దానికి నేర్పలేదు.