ఓర్నెల్లా చెప్పని ఫలితం

జెనీవా పక్కన, నేల కింద ప్రోటాన్లను ఢీకొట్టించే ప్రయోగశాలలో, ఎనెకో మొదటి ఉపన్యాసానికే ఓర్నెల్లా అడ్డం తగిలింది.

అతను స్పెయిన్‌లోని బిల్బావో నుంచి వచ్చిన సిద్ధాంతకారుడు. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలకు అంత కొంచెం బరువు ఎలా వచ్చిందో చెప్పే లెక్క ఒకటి కట్టాడు. అది నిజమైతే, ఇంతవరకు ఎవరూ చూడని ఒక కణం, సూపర్‌సిమెట్రీ అనే సిద్ధాంతం ఊహించినది, ప్రోటాన్ల తాకిడిలో పుట్టాలి. న్యూట్రినోలు ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారే పాళ్లను బట్టే అది విరిగిపోవాలి.

"బాగానే ఉందండీ. కనబడకపోతే?" అని అడిగింది ఓర్నెల్లా.

"మీరు సరిగ్గా వెతకలేదనుకుంటాను."

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. వెతికే బృందంలో ఆమె ఉంది.

ఆ మధ్యాహ్నమే అతను క్షమాపణ చెప్పుకోవడానికి ట్రే పట్టుకుని క్యాంటీన్లో ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. ఆమె ఇటలీ ట్రియెస్టే యాసను అతను వెక్కిరించేవాడు. అతను కాఫీలో పోసుకునే పంచదారను చూసి ఆమె దెప్పేది. అలా చలికాలం గడిచింది.

వసంతంలో ప్రయోగం డేటాను బృందం తెరిచి చూసింది. వెతికిన చోట ఏమీ లేదు. ఎనెకోకు అప్పటికే ఆ లెక్క మీదే ఒక ఉద్యోగానికి పిలుపు వచ్చింది. బృందమంతా సరిచూసి ఒప్పుకునేదాకా ఫలితం బయటికి పొక్కకూడదు. అతని ఎదురుగా కూర్చుని దాచడం ఓర్నెల్లా వల్ల కాలేదు. పని ఉందని భోజనానికి రావడం మానేసింది. తన తప్పేమిటో తెలియక అతను నలిగిపోయాడు.

ఒక శుక్రవారం, వాన పడుతుండగా, ఫలితం బయటికొచ్చింది. సాయంత్రం ట్రామ్ స్టాపులో ఎనెకో తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"చదివావా?" అంది ఓర్నెల్లా.

"చదివాను. చాలా బాగా వెతికారు. నేను చెప్పిన చోట అది లేదు. వచ్చేవారం ఇంటర్వ్యూలో ఆ మాటతోనే మొదలుపెడతాను."

"నాకు ముందే తెలుసు, ఎనెకో. చెప్పకూడదు."

"చెప్పకూడదు, సరే. భోజనానికి రాకూడదని ఎవరన్నారు?"

ఆమె తన గొడుగు అతని మీదికి జరిపింది.

"ఎదురుగా కూర్చుంటే నా మొహంలో కనిపెట్టేస్తావని భయమేసింది."

"ఫలితమా?"

"అదీను."

ట్రామ్ వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు. అతను తడి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ తను బెంగపడింది లెక్క గురించి కాదని మెల్లగా చెప్పాడు.

"సోమవారం నుంచి వస్తానులే," అంది ఓర్నెల్లా.

"అంతదాకా ఆగాలా?"

"అక్కర్లేదు. రేపు మా ఇంటికి రా. మా ఊరి మొక్కజొన్న సంకటి, పోలెంటా వండుతాను."