ఆరు ఇరవైకి వచ్చిన ప్రార్థన మనవి

"మెల్‌బోర్న్‌లో దిగగానే నిన్ను పోలీసులు ఆపేస్తే, బిడ్డ రాత్రిపూట ఎవర్ని లేపుతుందే?"

ముందురోజు సాయంత్రం సంపూర్ణమ్మ తన కూతురు శాలినిని అడిగింది. శాలిని పెట్టె సర్దుతూనే ఉంది.

భర్త జోయెల్‌కి చెప్పకుండా పాపను ఇండియాకి తెచ్చేసి పది నెలలైంది. అతను మెల్‌బోర్న్‌లో ఆమె మీద పోలీసు కేసు పెట్టి, ఇక్కడ హైకోర్టుకెక్కాడు. పాపను తిరిగి పంపాలని హైకోర్టు తీర్పిచ్చింది. తల్లి కూడా వెళ్లొచ్చంది. మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి పాపను కోర్టులో చూపించాలి.

మర్నాడు ఉదయం ఏడు నలభై. పటమటలోని సంపూర్ణమ్మ ఇంట్లో ఆరేళ్ల పాప క్రిస్టినా లేదు.

ఎనిమిదిన్నరకి ఎస్సై ఉషశ్రీ వచ్చింది. తలుపు గడియ విరగలేదు. కిటికీ ఊచలు కదల్లేదు.

"ఆఖరున ఎవరు చూశారు?"

"నేనేనమ్మా. ఏడింటికి నా పక్కనే పడుకునుంది. పాలు కాచి వచ్చేసరికి లేదు. మా అల్లుడే ఎత్తుకుపోయుంటాడు!"

పాపను తీసుకెళ్లడానికి వచ్చి హోటల్లో దిగిన జోయెల్ పరిగెత్తుకొచ్చాడు.

"కేసు గెలిచినవాణ్ణి, నేనెందుకు ఎత్తుకుపోతానండీ? శాలినే దాచింది!"

"దాచేదాన్ని పెట్టెందుకు సర్దుతాను?" అంది శాలిని.

పదకొండు పది. ఉషశ్రీ ముగ్గుర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"అందరి కాల్సూ చూశాం. చర్చి ప్రార్థన గ్రూపు మాత్రం ఇప్పుడే చూశా."

ఉషశ్రీ ఆ గ్రూపులో సంపూర్ణమ్మ పెట్టిన వాయిస్ మెసేజ్ నొక్కింది.

"వందనాలండీ. బస్సెక్కిన చిన్నబిడ్డకి దారిలో వాంతులు కాకుండా అందరూ ప్రార్థన చేయండి."

కింద పద్నాలుగు ఆమెన్‌లు.

"టైము ఆరు ఇరవై. ఏడింటికి మీ పక్కన పడుకున్న పాప అప్పటికే బస్సులో ఎలా ఉందండీ?"

"ప్రార్థన పెట్టించి మరీ కిడ్నాపా అత్తయ్యా!"

"నువ్వు నోర్ముయ్!"

"పెద్దమ్మగారూ, రెండున్నరకి పాప లేకపోతే కోర్టు ధిక్కారం కింద ఇరుక్కునేది మీ అమ్మాయి."

సంపూర్ణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా చెల్లెలు రావమ్మ వచ్చి బస్సులో ఉయ్యూరు తీసుకెళ్లిందమ్మా, దాని ఇంట్లోనే ఉంది. మెల్‌బోర్న్‌లో దిగితే నా కూతుర్ని పట్టుకుంటారని భయం."

ఉషశ్రీ ఉయ్యూరు స్టేషన్‌కి ఫోన్ చేసింది. తర్వాత తీర్పు కాగితాలు తిరగేసింది.

"ఎనిమిదో పేజీ. మెల్‌బోర్న్‌లో శాలిని మీద పెట్టిన కేసుని పాప తండ్రి ముందుగా వెనక్కి తీసుకోవాలి. ఆ కాగితం కోర్టుకి ఇచ్చేదాకా పాపను విమానం ఎక్కించకూడదు."

"తీసుకున్నాడా మరి? అడగమ్మా!"

"తీసుకున్నారా జోయెల్ గారూ?"

జోయెల్ నేలచూపులు చూస్తున్నాడు. శాలిని పక్కనున్న పెట్టె మీంచి చెయ్యి తీసేసింది.

"లేదండీ," అన్నాడు.