పిచ్చమ్మ జొన్నల డ్రమ్ము

దేవుడికి నైవేద్యం పెట్టిన తిండి మనిషిని చంపుతుందా?

ఎస్సై వీరాంజనేయులుకి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉన్న సందేహం ఇది. పోలీసుకి రావాల్సిన సందేహం కాదు. అయినా దర్శి దగ్గరి ఆ ఊళ్ళో, పిచ్చమ్మ ఇంటి వసారాలో నిలబడ్డప్పుడు మళ్ళీ అదే గుర్తొచ్చింది.

పిచ్చమ్మ పోయి మూడు రోజులు. ముందు వాంతులు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. ఆమె రోజూ దేవుడి ముందు పెట్టి, కళ్ళకద్దుకుని తిన్నది జొన్న సంకటి. వండింది కోడలు శ్రీరమ్య.

కోడల్ని జీపెక్కించేదాకా కదలమని ఊరు గేటు దగ్గర కాపు కాసింది.

"ఇంకా ఏంది సార్ చూసేది?" పిచ్చమ్మ తమ్ముడు యలమందయ్య అరిచాడు. "మొగుడు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో. ఇంట్లో మిరపతోటకి కొట్టే మందు డబ్బాలు. ఈ మహాతల్లికి వరి అన్నం, మా అక్కకి సంకటి!"

"షుగర్ అని ఆమే సంకటి అడిగేది సార్," అంది శ్రీరమ్య.

పోస్టుమార్టం డాక్టర్ పొద్దునే ఫోన్ చేశాడు. కాలేయం పూర్తిగా పాడైంది. పురుగుమందు ఆనవాళ్ళు కనబడలేదు.

వసారా స్తంభానికి ఒక గొలుసు వేలాడుతోంది. పక్కన సొట్టపోయిన గిన్నె.

"కుక్కేది?"

"చచ్చింది. అక్క కంటే ముందే."

"ఏం పెట్టేవాళ్ళు?"

"అక్క పళ్ళెంలో మిగిలిన సంకటి." యలమందయ్య కళ్ళు మెరిశాయి. "అదిగో! ముందు కుక్క మీద చూసుకుంది!"

గేటు దగ్గర గోల లేచింది. వీరాంజనేయులు శ్రీరమ్య వైపు తిరిగాడు.

"దాని కళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. "పచ్చగా సార్. అత్తయ్యకి మల్లేనే."

"జొన్నలెక్కడ?"

వంటింటి మూల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. మూత బిగుతుగా ఉంది. తీస్తే మూత లోపలి వైపు నీటి చుక్కలు. పైన వేపాకు. కింద తెల్లటి గింజ.

"ఒక్క పురుగుందేమో చూపించండి!" అన్నాడు యలమందయ్య. "ఆరాయో లేదో కళ్ళంలో నేనే కొరికి చూశా. కటుక్కుమంది."

"పైపైన గింజేగా కొరికావు?"

వీరాంజనేయులు చెయ్యి మోచేతి దాకా దించాడు. లోపల వెచ్చగా ఉంది. తడి తగిలింది. పిడికిలి తీస్తే గింజలు ముద్దకట్టి వచ్చాయి. వేళ్ళకి పచ్చటి పొడి అంటుకుంది. ముక్క వాసన గుప్పుమంది.

"కోతలప్పుడు వాన పడిందా?"

"రెండు రోజులు," యలమందయ్య గొంతు తగ్గింది.

"కుప్ప పైన ఎండింది, అడుగున ఆరలేదు. ఆ తేమతోనే మూత బిగించారు. వేపాకు పురుగుని ఆపింది, బూజుని ఆపలేదు. మరి ఇంత బూజు గింజ వండేటప్పుడు నీకు కనబడలేదా అమ్మా?"

"అత్తయ్యే కడిగి, ఎండబెట్టి ఇచ్చేది సార్. పారబోస్తే పాపం అనేది."

"కడిగితే బూజు పోతుంది. అది గింజలో దించిన విషం పోదు. ఎంత ఉడికించినా పోదు. నీ చేతిలో ఏ తప్పూ లేదు తల్లీ. ఈ గింజ ల్యాబ్‌కి పంపుతాను. అందాకా ఎవరూ ముట్టొద్దు."

యలమందయ్య గోడకి చేరగిలబడ్డాడు. శ్రీరమ్య ఏడవలేదు. డ్రమ్ములోకే చూస్తోంది. గింజ అంచుకి జానెడు కిందకి ఉంది. ఆమె ముఖం పాలిపోయింది.

"సార్! మంచాన పడబోయే ముందు అత్తయ్య గుల్జార్ పిన్నికి ఇందులోంచే కుంచెడు కొలిచిచ్చింది. నేనే మోసుకెళ్ళా!"

ఇద్దరూ పరుగెత్తారు. జనం దారిచ్చారు. నాలుగిళ్ళ అవతల పొయ్యి మండుతోంది.

"రామ్మా," గుల్జార్ బేగం నవ్వింది. "కరువు ఏడాది మీ అత్త నా దగ్గర చేబదులు తీసుకున్న జొన్నలు. నేనే మర్చిపోయా. మీ అత్త మర్చిపోలా. పోతూ పోతూ బాకీ తీర్చేసింది."

వీరాంజనేయులు ఆమె చేతిలోని జొన్నరొట్టె లాక్కున్నాడు.

వేడిగా ఉంది. ఒక అంచు తుంచి ఉంది.