నాలుగూ పది రైలు

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుటి లాడ్జిలో ఏజెంట్ యోగానంద హత్య జరిగి గంటయింది. పక్క గదిలో చీఫ్ మునస్వామి గొంతు తగ్గించాడు.

"మైక్రోఫిల్మ్ ఎత్తుకుపోయినారు సంపత్. విదేశాల్లో పనిచేసే మనోళ్లు ఇరవై ఏడు మంది పేర్లుండాయి దాంట్లో. సాయంత్రం నాలుగూ పదికి మద్రాసులో చేతులు మారతాది. ఎగిరే రైలంటారే, స్తంభాల మీద పోయే లోకల్, దాని స్టేషన్లో, మూడో పెట్టెకాడ. కొరియర్ గుండు గీయించుకుని, లడ్డు కవరుతో భక్తుడి మాదిరి వస్తాడంట."

"వాడి మొహం ఎవరన్నా సూసినారా సార్?"

"కల్యాణవల్లి సూసింది. ఆ ముఠాలో మన మనిషి ఆయమ్మే గదా. ఆయమ్మ సూపిస్తాది, నువ్వు పట్టుకో."

సంపత్‌కుమార్ వెంటనే బయల్దేరాడు. ఆ ఇరవై ఏడు మందిలో తన తమ్ముడు శ్రీకృష్ణ ఒకడని ఇద్దరికీ తెలుసు.

నాలుగు గంటలకి, స్తంభాల మీద మూడంతస్తుల ఎత్తున కట్టిన ఆ లోకల్ రైలు ప్లాట్‌ఫారాన్ని ఖాకీ బట్టల్లో సంపత్ ఊడుస్తున్నాడు. చీపురు కర్రలో వైర్‌లెస్. మెట్లెక్కి వస్తున్న వాళ్లని చూసి అతని చీపురు ఆగిపోయింది. తిరుపతి టూరిస్టు బస్సు దిగిన భక్తులు నలభై మంది! అందరివీ గుండ్లే. అందరి చేతుల్లోనూ లడ్డు కవర్లే.

మెట్ల దగ్గర నల్లకళ్లద్దాలు, సిల్కు చీరతో కల్యాణవల్లి నిలబడింది. వైర్‌లెస్‌లో ఆమె గొంతు తియ్యగా పలికింది.

"వేషం మార్చినారు. రెండో బెంచీ మీద ముసలామె."

నాలుగూ ఏడు. సంపత్ ఒక్క ఉరుకున వెళ్లి ముసలామె కవరు లాక్కుని బోర్లించాడు. లడ్లు పగిలి చెల్లాచెదరయ్యాయి. ఫిల్మ్ లేదు.

"అయ్యో, ప్రసాదం కింద పోస్తివి గదప్పా! కాళ్లకాడ యాడన్నా పెడతారా?" అంటూ ముసలామె ఏడుస్తూ ఒక్కో పలుకూ ఏరి కళ్లకద్దుకుంటోంది.

సంపత్ తలెత్తాడు. కల్యాణవల్లి గబగబా మెట్లు దిగిపోతోంది! అంతా అర్థమైపోయింది. యోగానందని పట్టిచ్చింది కూడా ఆమే.

"ఆయమ్మని వదలొద్దండి!" చీపురు కర్రలోకి అరిచాడు.

రైలు కూత వినిపించింది. ఇంకా ముప్పై తొమ్మిది కవర్లు. ఎవర్నని వెతకాలి? తమ్ముడి మొహం కళ్ల ముందు కదిలి, సంపత్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కాళ్లకాడ యాడన్నా పెడతారా...

అతను చటుక్కున వంగి నేలంతా చూశాడు. భక్తులు కవర్లని కొందరు నెత్తిన, కొందరు ఒళ్లో, కొందరు గుండెలకి ఆనించి పట్టుకున్నారు. ఒక్క కవరు మాత్రం నేల మీదుంది. మూడో పెట్టె ఆగేచోట, రెండు బూట్ల మధ్య.

రైలు ఆగింది. బూట్లవాడు కవరెత్తి అందించాడు. తెరిచున్న తలుపులోంచి ఒక చెయ్యి అందుకుంది. సంపత్ పరుగెత్తుతూ బూట్లవాడి మోకాళ్ల మీద చీపురు కర్రతో బాదాడు. రైలు కదిలింది. పక్కనే పరుగెడుతూ కవరు పట్టుకుని లాగాడు. కవరు చిరిగింది. లడ్ల మధ్యనుంచి చిన్న డబ్బీ జారి, ప్లాట్‌ఫారం అంచు వైపు దొర్లింది. సంపత్ బోర్లా పడ్డాడు. పట్టాల మీదికి జారిపోతున్న డబ్బీ అతని గుప్పిట్లో పడింది.

కింద గేటు దగ్గర మునస్వామి మనుషులు కల్యాణవల్లి చేతులకి బేడీలు వేశారు.

మర్నాడు పొద్దున విదేశం నుంచి ఫోను మోగింది.

"అన్నా, ఊరికి పోయినావంట. ఏం విశేషం?"

తమ్ముడి గొంతు వినగానే సంపత్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఏముంటాది రా? లడ్లు కింద పోసినానని ఒక ముసలామె చేత తిట్లు తిన్నా."

శ్రీకృష్ణ పడీపడీ నవ్వాడు. "తిట్టదా మరి? ప్రసాదం ఎవడన్నా కింద పెడతాడా అన్నా?"

"ఒకడు పెట్టినాడులేరా," అన్నాడు సంపత్.