తేయాకు పళ్లెం ముందు దుబాసీ

యాంగోన్ నగరం చౌక్తడాలో, కోర్టు వెనక వీధిలో, ఒక దుబాసీని పట్టపగలు కాల్చి చంపారు.

గంటలోపే గూఢచారి సూర్యప్రకాష్‌కి చీఫ్ ఫోన్ చేశాడు.

"షాన్ కొండల్లో తేయాకు పండించే ఒక చిన్న జాతి. దేశంలో ఉంటూనే తమ నేలను తామే ఏలుకునే స్వయంపాలిత ప్రాంతం వాళ్ళది. రేపు వాళ్ళ పెద్దాయన ప్రభుత్వంతో సంతకం చేస్తే కొండల కింది ఖనిజం మీద హక్కు వాళ్ళ కౌన్సిల్‌దే. ఒక విదేశీ ముఠాకి అది గిట్టదు. ఆయన బతకాలి."

"వాళ్ళ మాట తర్జుమా చెయ్యాల్సిన దుబాసీ పోయాడుగా సార్?"

"అతని బదులు మన రాధాకుమారి వెళ్తుంది. నువ్వు సర్వర్ వేషంలో వెళ్ళు."

సూర్యప్రకాష్‌కి మనసు తేలికైంది. తామ్వే పేటలో ఒంటిగది, బర్మా పేరు, ఒక్కడికి సరిపడా వంట. ఆదివారాలు రాధ చారు తెచ్చేది. ఈ ఊళ్ళో అతనితో తెలుగు మాట్లాడేది, సూర్యం అని పిలిచేది ఆమె ఒక్కతే.

మర్నాడు ఊరి చివర మింగళాడోన్‌లో ఒక గెస్ట్‌హౌస్. రాధ పట్టు లుంగీ కట్టి, జడలో ఆర్కిడ్లు పెట్టుకుని వచ్చింది. గార్డులు కూడా చూపు తిప్పుకోలేకపోయారు. సూర్యప్రకాష్ వాచీలో స్కానర్ ఉంది. ఆయుధం దగ్గరుంటే వణుకుతుంది. రాధ పక్కన నిలబడినా అది వణకలేదు.

బల్ల మీద లక్క పళ్లెం. మధ్య అరలో ఊరేసిన తేయాకు, చుట్టూ వేయించిన వెల్లుల్లి, వేరుశనగ, నువ్వులు. ఇరుపక్షాలూ ఒకే పళ్లెంలో ఆ ఆకు తింటేనే కొండల్లో ఒప్పందం కుదిరినట్టు. కాగితం ఆ తర్వాత. ఇది అందరికీ తెలుసు. ముందుగా తినాల్సింది మధ్యవర్తి, అంటే దుబాసీ, అన్నది మాత్రం యాంగోన్‌లో పుట్టిన రాధకి తెలియదు. పెద్దాయన ఆ మాట చెప్పి పళ్లెం ఆమె వైపు జరిపాడు.

ఆమె నవ్వి ఒక వెల్లుల్లి ముక్క తీసుకుంది. అది కాదమ్మా, ఆకు, అన్నాడాయన. ఆమె వేళ్ళు ఆకు పైన ఆగిపోయాయి. కడుపులో బాగాలేదంది. పట్నం పిల్లలకి మా ఆకు పడదులే, నీ కోసం ఆచారం తప్పుతాను అని పెద్దాయనే చిటికెడు తీసి నోటి దాకా తెచ్చాడు.

సూర్యప్రకాష్ కెటిల్ దించి ఆయన చెయ్యి మెల్లిగా పట్టుకున్నాడు. అమ్మాయి బదులు నేను తింటానని బర్మీస్‌లో వినయంగా చెప్పి, తనూ ఆకు తీసుకున్నాడు. రాధనే చూస్తూ తెలుగులో అడిగాడు.

"ఏటి రాధా, తినీమంతావా?"

ఆకు అతని పెదవిని తాకబోయింది.

రాధ అతని చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఆకు నేలమీద పడింది.

"తినకు సూర్యం. నీకేటి పని ఇందులో?"

ఆ గదిలో ఇంకెవరికీ తెలుగు రాదు. అయినా దుబాసీ అవసరం లేకపోయింది. పెద్దాయన తన చేతిలోని ఆకును జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

గార్డులు తీసుకుపోతుంటే గుమ్మం దగ్గర రాధ వెనక్కి తిరిగింది.

"కుక్కర్ వాషర్ మార్చుకో. ఎన్నిసార్లు సెప్పాను."

విషం కలిసిన పళ్లెం పోయి కొత్త పళ్లెం వచ్చింది. మధ్యవర్తిగా సూర్యప్రకాష్ ముందు తిన్నాడు. సంతకాలు అయ్యాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో మెచ్చుకుని, కవర్ భద్రమేనా అని అడిగాడు.

"భద్రమే సార్," అన్నాడు సూర్యప్రకాష్. "ఈ ఊళ్ళో నన్నెరిగిన మనిషి ఒక్కతే. ఆమె మీ కస్టడీలోనే ఉంది."